వంతెన దాకా

స్కాట్లాండ్ హైలాండ్స్ చూసొచ్చామంటే మావాళ్ళంతా ముందు అడిగేది ఒక్కటే: "లాక్ నెస్ రాక్షసి కనబడిందా?" అని. మేం అటు వెళ్ళనే లేదండీ. మాకు ఉన్నది ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో రెండే రెండు చోట్లు చూశాం. అయినా నాకు బోలెడు చూసినట్టే ఉంది.

గ్లాస్గోలో ఉన్న మా అబ్బాయి "ఈసారి మీరిద్దరే వెళ్ళి రండమ్మా" అని కారు అద్దెకి తీసిచ్చాడు. అక్కడ కూడా మనలాగే ఎడమవైపే నడపాలి, మన ఇండియా లైసెన్సు 12 నెలల వరకూ చెల్లుతుంది. కాబట్టి మావారికి ఇబ్బంది లేకపోయింది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో మేమిద్దరమే వెళ్ళిన మొదటి ప్రయాణం ఇదే. ఎప్పుడు ఎక్కడికి వెళ్ళినా అత్తగారు, మామగారు, పిల్లలు, ఆడపడుచు పిల్లలు, నా చేతిలో పెద్ద టిఫిన్ క్యారియరూ ఉండేవి.

ఇంకో సంగతి చెప్పాలి. పోయిన ఏడాది మావారికి స్టెంటు వేశారు. అప్పట్నుంచీ మా ఇంట్లో మాటలు తగ్గి ప్రశ్నలు ఎక్కువయ్యాయి. "మాత్ర వేసుకున్నారా?" "వేసుకున్నా." "నడిచారా?" "నడిచా." ఏటా అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి తిరుమల వెళ్ళే మనిషి, ఈసారి బస్సులో వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చారు. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు గానీ నోరు విప్పలేదు.

మేం రాత్రి దిగిన ఊరు ఫోర్ట్ విలియం. ఊరి నెత్తిమీదే బెన్ నెవిస్ ఉంటుంది. 1345 మీటర్లు, బ్రిటన్ మొత్తానికీ అదే ఎత్తైన కొండ. పొద్దున్నే పెద్ద పెద్ద బూట్లు వేసుకున్నవాళ్ళు, వీపున సంచులతో గుంపులు గుంపులుగా అటు వెళ్తున్నారు. మావారు కారు తాళం చేత్తో పట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడ్డారు. నేను ఏమీ అనలేదు. ఫ్లాస్కులో టీ పోసుకుని, పులిహోర డబ్బా సంచిలో పెట్టి బయల్దేరదీశాను.

ముందు గ్లెన్‌ఫినన్ వెళ్ళాం, అరగంట ప్రయాణం. హ్యారీ పాటర్ సినిమాల్లో రైలు వెళ్ళే వంతెన అదే. 21 కమానులతో, విల్లులా వంగి ఉంటుంది. అంతా కాంక్రీటే, 1901లో రైళ్ళు మొదలయ్యాయట. వేసవిలో దానిమీద ఆవిరి రైలు నడుపుతారు. అది బాగా కనబడాలంటే చిన్న గుట్ట ఎక్కాలి. పావుగంట దారే గానీ మేం అరగంట పైనే ఎక్కాం. నాలుగడుగులు వేయడం, వెనక్కి తిరిగి చెరువు చూస్తున్నట్టు ఆగడం. ఆయన ఆగినప్పుడల్లా నేనూ "అబ్బ, ఎంత బాగుందో" అనేదాన్ని. నిజంగానే బాగుంది. కింద లాక్ షీల్ సరస్సు, దాని ఒడ్డున ఒక స్తంభం. రాజ్యం తమ వంశానిదే అంటూ చార్లెస్ స్టువర్ట్ అనే యువరాజు 1745లో అక్కడే జెండా ఎత్తి యుద్ధానికి బయల్దేరాడు. మర్నాటి ఏడాదే కలోడెన్ దగ్గర ఓడిపోయాడు. రైలు రాగానే పిల్లలంతా కేకలు. మావారూ చెయ్యి ఊపారు!

అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి, ఫోర్ట్ విలియం దాటి గ్లెన్‌కో లోయకి. దారిలో ఒక చోట బల్ల దొరికితే పులిహోర తిందామని కూర్చున్నాం. రెండు ముద్దలు తినేసరికి మిడ్జ్‌లు కమ్ముకున్నాయి. నువ్వుగింజలో సగం కూడా ఉండవు, కుడితే మాత్రం తట్టుకోలేం. గాలి వీస్తే ఎగరలేవు గానీ ఆ రోజు గాలే లేదు. డబ్బా మూసి కారులో కూర్చుని తిన్నాం.

గ్లెన్‌కో ఎంత అందంగా ఉంటుందో అంత దిగులుగానూ ఉంటుంది. రెండు పక్కలా నల్లటి కొండలు, వాటిమీంచి తెల్లటి దారాల్లా జలపాతాలు, కింద ఊదారంగు హెదర్ పూలు. 1692లో రాజుగారి సైనికులు సుమారు 120 మంది ఇక్కడి మెక్‌డొనాల్డుల ఇళ్ళలో దిగారు. దాదాపు పన్నెండు రోజులు వాళ్ళ పొయ్యి దగ్గరే కూర్చుని, వాళ్ళు పెట్టిందే తిన్నారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున లేచి, అన్నం పెట్టినవాళ్ళనే చంపారు. 38 మంది పోయారు. ఇళ్ళు తగలబెడితే మంచులోకి పరిగెత్తిన ఆడవాళ్ళూ పిల్లలూ చలికి చచ్చిపోయారు. వాళ్ళ నాయకుడు రాజుకి విధేయత ప్రమాణం చేయడం గడువు దాటి కొద్ది రోజులు ఆలస్యమైందన్నదే నేరం. ఇదంతా చదువుతుంటే, ముందు రోజు రాత్రి ఆ సైనికులకి వండి వడ్డించిన ఇల్లాళ్ళే నా కళ్ళముందు కదిలారు.

అక్కడే రోడ్డు పక్కనుంచి ఒక కాలిబాట ఉంది. కొండల మధ్య దాగిన ఒక లోయకి వెళ్తుంది. మెక్‌డొనాల్డులు కొల్లగొట్టిన పశువుల్ని అందులో దాచేవాళ్ళని చెప్తారు. బాట ముందు కిందికి దిగి, కో నది మీద చిన్న వంతెన దాటి, ఆపైన బండల మీదుగా నిటారుగా ఎక్కుతుంది. మావారు "వెళ్దాం పద" అన్నారు. వద్దనాలని నాలిక చివరిదాకా వచ్చింది. డాక్టరు నడవమన్నారు, ఎక్కడం మాత్రం ఆయాసం రానంతవరకే అన్నారు. ఆయనకీ తెలుసు ఆ మాట. "సరే, పదండి" అని వెనకే దిగాను.

వంతెన మీద ఆగారు. కింద నీళ్ళు హోరెత్తుతున్నాయి. ఎదురుగా బండలు, వాటిమీద చేతులూ కాళ్ళూ వేసి పాకుతూ ఎక్కుతున్న కుర్రాళ్ళు. కాసేపు చూసి, "ఇక్కడి దాకా చాలే" అన్నారు. అడక్కుండా, ఎవరూ వద్దనకుండా ఆయనంతట ఆయనే అన్న మాట అది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

"కూర్చుందామా?" అన్నాను.

వంతెన అవతల ఒక బండ మీద కూర్చుని టీ తాగాం. ఆయన ఉన్నట్టుండి, "మొదటిసారి అలిపిరి మెట్లు మా నాన్న భుజం మీద ఎక్కాను, తెలుసా? సగం దాకా ఆయన మోశాడు. మిగతా సగం నేనే నడుస్తానని గొడవ చేశానట" అని మొదలుపెట్టారు. ముప్ఫై రెండేళ్ళలో ఈ కథ నేను వినలేదు. గంటసేపు మాట్లాడారు. సాయంత్రం మాత్ర టైమైతే, నేను గుర్తుచేసేలోపే జేబులోంచి తీసి వేసుకుని, మళ్ళీ కథలో పడ్డారు. రాత్రి తొమ్మిదైనా అక్కడ వెలుగు పోదు కాబట్టి మాకు తొందర లేదు.

ఒళ్ళు బాగున్నప్పుడే ఊళ్ళు చూడాలంటారు. నిజమే. బాగులేనప్పుడు కూడా వెళ్ళండి అంటాను నేను, ఎక్కగలిగినంతే ఎక్కండి. మీరు వెళ్తే వానకోటు, పట్టున్న బూట్లు, మిడ్జ్‌లకి రాసుకునే మందు మర్చిపోకండి. పులిహోర కాస్త ఎక్కువే కలపండి, కూర్చున్నచోట ఎంతసేపు ఉంటారో చెప్పలేం.