లోపల ఉన్నదా, నేను పెట్టినదా?

గత వానాకాలంలో నా హాస్టల్ స్నేహితురాలు ఒక తిరస్కృత పత్రం పట్టుకుని మా ఇంటికొచ్చింది. తను రోబోల వైపు వెళ్ళింది, నేను స్త్రీల జీవిత కథనాల వైపు. పదిహేనేళ్ళుగా ఒకరి పని ఇంకొకరికి అర్థం కాకపోయినా స్నేహం మాత్రం చెడలేదు. ఈసారి తన పత్రం మీద సమీక్షకులు రాసిన ఒక్క వాక్యం నాకు బాగా అర్థమైంది. అందుకే నిద్ర పట్టలేదు. "ఇది పాలసీ లోపల ఉందా, మీ ప్రోబ్ నేర్చుకుందా?"

రోబో ఎప్పుడేం చెయ్యాలో నిర్ణయించే నెట్‌వర్క్‌ని పాలసీ అంటారట. దానికెవరూ నియమాలు రాసివ్వరు. తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకుంటుంది. చివరికి లోపల మిగిలేవి అంకెలే. ఆ అంకెల్ని చదవడానికి ఇంకో చిన్న నెట్‌వర్క్‌కి శిక్షణ ఇస్తారు. అదే ప్రోబ్. 2018లో ఓపెన్ఏఐ వాళ్ళు ఒక రోబో చేతికి ఘనాన్ని వేళ్ళ మధ్య తిప్పడం నేర్పారు. ఘనం ఎంత ఉంటుందో దానికి చెప్పలేదు. అయినా అనుకరణలో అయిదు సెకన్లు తిప్పాక, దాని జ్ఞాపకంలోని అంకెల్ని బట్టి ఘనం సగటు కన్నా పెద్దదో చిన్నదో 80 శాతం సార్లు చెప్పగలిగారు.

"అంటే దానికి తెలిసిందన్నమాటేగా!" అన్నాను.

"తెలివి చదివేవాళ్ళదేమోనే. లోపల ఉన్నా, చెయ్యి దాన్ని వాడుకుంటోందని ఎలా చెప్తావ్?"

2019లో హ్యూయిట్, లియాంగ్ అనే ఇద్దరు భాషా నమూనాల విషయంలో ఈ అనుమానానికి ఒక పరీక్ష పెట్టారు. పదాలకి అర్థంపర్థం లేకుండా ఇష్టమొచ్చిన గుర్తులు తగిలించి, వాటిని కూడా ప్రోబ్ చేత చదివించారు. ఆ చెత్తని కూడా అంత బాగానే చదివేస్తే ఆ గొప్ప నమూనాది కాదు, ప్రోబ్‌ది.

నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయం మా అమ్మమ్మ మౌఖిక కథనం మీద. పదమూడేళ్ళకి పెళ్ళి, అత్తవారిల్లు, పొలం పనులు అన్నీ చెప్పింది. మొదటి బిడ్డ పోయాక రెండేళ్ళ గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని నేను ధిక్కారంగా చదివాను. అందరూ మెచ్చుకున్న అధ్యాయం అది. ఇప్పుడు ఆలోచిస్తే, రికార్డర్ బ్యాటరీ అయిపోయి ఆగిన చోటు కూడా నాకు ధిక్కారంగానే వినిపించేదేమో!

ఇలా రాస్తుంటే భయంగానూ ఉంది. "లేనిది చూస్తున్నారు" అని స్త్రీవాద విమర్శని ఎంత తేలిగ్గా కొట్టిపారేశారో మనకి తెలుసు. ఆ పెద్దమనుషులు ఏ పరీక్షా పెట్టలేదు, తీర్పు మాత్రమే ఇచ్చారు. నా స్నేహితురాలు పరీక్ష గురించి మాట్లాడుతోంది.

తను చెప్పిన వాటిలో నన్ను వదలనిది 2023లో ఎరిక్ వైమన్స్ బృందం ప్రచురించిన పని. కంప్యూటర్లో కట్టిన ఇళ్ళలో చూపు లేని ఏజెంట్లని వదిలారు. ఎంత దూరం కదిలామో, ఎటు తిరిగామో తప్ప వాటికేమీ తెలియదు. అడుగేసినా కదల్లేదంటే గోడ తగిలిందన్నమాట, అది కూడా అవే నేర్చుకున్నాయి. వాటి జ్ఞాపకంలోంచి ఇంటి పటం తీయగలిగారు. అక్కడితో ఆగలేదు. ఒక ఏజెంటు నడక పూర్తయ్యాక దాని జ్ఞాపకాన్ని తీసి, అదే చోట బయల్దేరే ఇంకోదానికి పెట్టారు. రెండోది దగ్గర దారిన వెళ్ళింది. పటం ఉండటమే కాదు, పనికొస్తోంది కూడా. మొదటిది తిరిగిన అనవసరపు దారులు మాత్రం జ్ఞాపకంలో మిగల్లేదు.

నీటికాసులతో రెండు కళ్ళూ పోయాక అమ్మమ్మ ఇల్లంతా గోడ పట్టుకుని తిరిగేది. నడవాలో ఓ పెద్ద భోషాణం ఉండేది. మావయ్య దాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత చాలా రోజులు అమ్మమ్మ అక్కడికి రాగానే గోడ వదిలి, లేని భోషాణాన్ని చుట్టి, మళ్ళీ గోడ అందుకునేది. మేం నవ్వేవాళ్ళం. ఆమె లోపల ఇల్లు ఉందనీ, ఆ ఇంట్లోనే నడుస్తోందనీ దానికన్నా రుజువేం కావాలి?

మరి ఆ రెండేళ్ళో? తిరిగిన దారుల్లాగే మరుపున పడ్డాయేమోనని సర్దుకోబోయాను. అదీ నా ఊహే కదా. చిన్నమ్మమ్మకి ఫోన్ చేశాను. "అప్పుడు పుట్టింట్లో మా దగ్గరే ఉందమ్మా. చెరువు గట్టు మీద కూచునేది. ఎవరడిగినా చెప్పేది. నువ్వడగలేదా?"

పాత ఫైళ్ళు వెతికి మళ్ళీ విన్నాను. బిడ్డ పోయిన సంగతి చెప్పి అమ్మమ్మ ఊపిరి తీసుకుంది. "మరి..." అంది. వెంటనే నా గొంతు, చాలా హుషారుగా: "తర్వాత మా అమ్మ పుట్టింది కదా అమ్మమ్మా?"

"ఆఁ, పుట్టింది" అంది.

మూడుసార్లు విన్నాను. ఆ "మరి" తర్వాత ఏం చెప్పబోయిందో అడుగుదామంటే అమ్మమ్మ పోయి ఆరేళ్ళయింది. పుస్తకం ప్రూఫులు నా బల్ల మీదే ఉన్నాయి. మూడో అధ్యాయం తీసి పక్కన పెట్టి, మిగతావి పంపించాను. ఆ ఫైలు మొత్తాన్ని, నా ప్రశ్నలతో సహా, ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం మొదలుపెట్టాను.