నెమ్మది రైలు, రెండు చక్రాలు

పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలున్నాయి. రైలుతో ఈ మూడింటి సంబంధం మూడు విధాలు. కుప్పంలో స్టేషను ఊరిలోనే ఉంది. బెంగళూరు నుండి జోలార్‌పేటకు 1864లో తెరిచిన దారి అది. మదనపల్లెకు స్టేషను ఉంది గానీ ఊరిలో లేదు. ‘మదనపల్లె రోడ్’ అనే పేరుతో సి.టి.ఎం. గ్రామం వద్ద, పట్టణానికి సుమారు పది కిలోమీటర్ల దూరాన ఉంది. పుంగనూరుకు స్టేషనే లేదు.

మదనపల్లె నుండి కుప్పానికి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా రోడ్డు దారి నూరు కిలోమీటర్ల పైచిలుకు. అదే రైలులో వెళ్లాలంటే పీలేరు, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి దిగి, అక్కడి నుండి ఆంబూరు, వాణియంబాడి, జోలార్‌పేట చుట్టి తమిళనాడు గుండా కుప్పం చేరాలి. దూరం రెట్టింపును మించుతుంది.

ఈ దారుల గురించి మేము ఆలోచించడానికి కారణం మా పూర్వ విద్యార్థి ఒకడు. వేలూరు, ఆంబూరు ప్రాంతపు మదరసాలకు మన రాయలసీమ పిల్లలు వెళ్లి చదవడం కొత్త కాదు. ఆంబూరుకు సమీపంలోని ఉమరాబాద్ జామియా దారుస్సలామ్ 1924 నుండి విద్యార్థులను తీర్చిదిద్దుతున్నది. మా విద్యార్థి కూడా ఆ ప్రాంతంలోనే చదువుతున్నాడు. ఇల్లు కుప్పానికి పన్నెండు కిలోమీటర్ల లోపలి పల్లెలో. రైలులో కొన్ని గంటల ప్రయాణమే అయినా అతడు ఇంటికి వచ్చేది పండుగలకు మాత్రమే. ఎందుకని అడిగితే తల్లి ఇలా అన్నది: “హజ్రత్, రైలు చార్జీ మేము పెట్టుకోగలం. రైలు దిగినాక ఆటోకు అడిగేది పెట్టుకోలేం. చీకటి పడితే బస్సు లేదు.”

ఆ మాట మమ్మల్ని కదిలించింది. వేసవి సెలవుల్లో మేము, మా సహోపాధ్యాయుడు సైకిళ్ల మీద మదనపల్లె నుండి బయలుదేరాము. ఫజ్ర్ నమాజు ముగించుకుని కదిలితే, ఎండ ముదరకముందే పుంగనూరు చేరవచ్చు. సుమారు ముప్పై కిలోమీటర్లు. ఎత్తుపల్లాల దారి అయినా పీఠభూమి గాలి చల్లగా తగులుతుంది. పుంగనూరు పేరు వినగానే గుర్తొచ్చేది అక్కడి పొట్టి ఆవు. ఎత్తు మూడడుగులకు మించదు. కొద్దిపాటి మేతతో, కరువు నేలలో బ్రతుకుతుంది. ఆ జాతిని కాపాడే పరిశోధన కేంద్రం పలమనేరులో ఉంది. పెద్దది కాకపోయినా ఈ నేలకు తగినది కావడమే దాని గొప్పతనం. సైకిలు గురించీ అదే చెప్పవచ్చు.

ఇక్కడ ఒక మసలా గుర్తు చేయడం ఉచితం. హనఫీ ఉలమాలు ముసాఫిర్ దూరాన్ని మూడు రోజుల మధ్యస్థ నడకతో లెక్కించారు. నేటి కొలతలో అది దాదాపు 77 కిలోమీటర్లు. పుంగనూరు వరకే వెళ్లేవారు నమాజు పూర్తిగా చేయాలి. కుప్పం సంకల్పంతో బయలుదేరినవారికి మదనపల్లె పొలిమేర దాటగానే ఖస్ర్ వర్తిస్తుంది. వాహనం వేగమైనదా, నెమ్మదిదా అన్నది లెక్కలోకి రాదు.

రాత్రి పలమనేరులో ఆగాము. ముందుకు కౌండిన్య అభయారణ్యం సమీపిస్తుంది. 1980ల నుండి ఆ అడవుల్లో ఏనుగుల గుంపులున్నాయి. అందువల్ల ఆ దారిలో సందెవేళ సైకిలు ప్రయాణం తగదు. మర్నాడు పగటిపూటే విద్యార్థి ఇంటిని చూసుకుని కుప్పం చేరాము. ఆ పన్నెండు కిలోమీటర్లు సైకిలుకు ఒక గంట పని. ఆటో కిరాయి వల్ల తల్లికి, బిడ్డకు మధ్య నిలిచిపోయిన దూరం అంతే!

కుప్పం నుండి సైకిళ్లతో సహా రైలెక్కాము. మన రైళ్లలో సైకిలును పెట్టెలోకి తీసుకెళ్లకూడదు. ఉచిత సామాను పరిమితిలోకీ అది రాదు. బండి రావడానికి కనీసం అరగంట ముందు టికెట్టు చూపి, రుసుము చెల్లించి, బ్రేక్‌వ్యాన్‌కు బుక్ చేయాలి. పేరు, చేరవలసిన స్టేషను రాసిన చీటీ సైకిలుకు కట్టాలి. దిగిన చోట రశీదు చూపి తీసుకోవాలి. బుకింగ్ సౌకర్యం అన్ని స్టేషన్లలో ఉండదు గనుక ముందుగా విచారించుకోవడం మంచిది. ఆంబూరులో దిగి విద్యార్థిని కలుసుకుని, కాట్పాడి, పాకాలలలో బండ్లు మారుతూ మదనపల్లె రోడ్ చేరాము. మారిన ప్రతిచోటా సైకిళ్లను దించుకోవడం, మళ్లీ బుక్ చేయడం తప్పలేదు. స్టేషను బయట ఆటోల బేరం మాత్రం తప్పింది.

ఇతర దేశాల్లో ఈ శ్రమను తగ్గించారు. జర్మనీలో ఊరూరా ఆగే ప్రాంతీయ రైళ్ల పెట్టెలకు సైకిలు బొమ్మ ఉంటుంది. ప్రయాణికుడు తానే దానిని లోపలికి నడిపించుకుని వెళతాడు. కోపెన్‌హాగన్ లోకల్ రైళ్లలో 2010 నుండి సైకిలుకు రుసుమే లేదు. ఐరోపా సమాఖ్యలో 2023 జూన్ నుండి అమలవుతున్న నిబంధనల్లో, కొత్త రైళ్లలో కనీసం నాలుగు సైకిళ్లకు చోటుండాలన్న నియమం ఉంది. హాలెండులో 2003లో మొదలైన పద్ధతి మరొకటి: స్టేషనులోనే అద్దె సైకిలు దొరుకుతుంది, మోసుకుపోనక్కరలేదు.

మనకు వెంటనే సాధ్యమైనది ఈ చివరిదే. మేము తెచ్చిన సైకిళ్లలో ఒకటి బాగుచేయించి కుప్పం పంపాము. విద్యార్థి బంధువు ఒకరు స్టేషను దగ్గర తమ దుకాణంలో దానికి చోటిచ్చారు. పగటి బండిలో దిగితే అతడు చీకటి పడకముందే ఇల్లు చేరుతున్నాడు. ఇప్పుడు నెలకొకసారి తల్లిని చూస్తున్నాడు.

దైవప్రవక్త (స) ప్రయాణాన్ని కష్టంలో ఒక భాగంగా పేర్కొని, పని ముగిసిన వెంటనే ఇంటివారి వద్దకు మరలమని ఉపదేశించారు. దూరాన చదివే బిడ్డలున్న కుటుంబాలకు మా మనవి ఒక్కటే. రైలు చార్జీతో పాటు స్టేషను నుండి గడప వరకు ఉన్న దారిని కూడా లెక్కవేయండి. ఇంట్లో మూలనపడిన పాత సైకిలు ఉంటే, దానికి గాలి కొట్టించి స్టేషను దగ్గర ఉంచండి.