ల్యాప్‌టాప్‌లో పిలవని పేరంటం

ల్యాప్‌టాప్ ఆన్ చేశాక మొదటి కొన్ని నిమిషాలు మనవి కావు. మనమింకా ఏదీ తెరవకముందే ఓ చాట్ యాప్, ఓ పాటల యాప్, ఓ గేమ్ లాంచర్ లేచి కూర్చుంటాయి. వీటిని ఎవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు. ఇన్‌స్టాల్ చేసిన రోజే చాలా యాప్‌లు జాబితాలో తమ పేరు తామే రాసేసుకుంటాయి.

మా చెల్లి వాడుతున్నది నా ఇంజినీరింగ్ రోజుల నాటి ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, అందులో ఉబుంటు. బ్యాంకు పరీక్షలకు ఆన్‌లైన్ క్లాసులు, మాక్ టెస్టులు అన్నీ దాంట్లోనే. ‘‘అన్నయ్యా, ఆన్ చేసి టీ పెట్టుకుని తాగొచ్చినా ఇది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. టెస్ట్ టైమ్ అయిపోతోంది’’ అని రోజూ గోల. కొత్తది కొనేద్దామన్నారు నాన్న. ఎంత లేదన్నా 30 వేలు. అది తన కోచింగ్ ఫీజుకని దాచిన డబ్బు. కొనే ముందు నాకో ఆదివారం ఇవ్వమన్నాను.

లినక్స్‌లో నాకు నచ్చేది ఇదే. దాపరికం ఉండదు. లాగిన్ అవగానే ఏం మొదలవ్వాలో చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లలో రాసి ఉంటుంది. అవి ముఖ్యంగా రెండు ఆటోస్టార్ట్ ఫోల్డర్లలో ఉంటాయి. ఒకటి ఆ కంప్యూటర్ వాడే అందరికీ కలిపి. రెండోది మన హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ అనే ఫోల్డర్ లోపల. గ్నోమ్ అయినా, కేడీఈ అయినా పద్ధతి ఇదే.

ఫైళ్ల జోలికి వెళ్లడం ఇష్టం లేకపోతే ఉబుంటు, మింట్‌లలో ‘స్టార్టప్ అప్లికేషన్స్’ తెరవండి. కేడీఈలో అయితే సెట్టింగ్స్‌లో ‘ఆటోస్టార్ట్’ చూడండి. వద్దనుకున్నదాని టిక్కు తీసేస్తే చాలు. ఆ జాబితాలో కనపడకుండా దాక్కునేవీ కొన్ని ఉంటాయి. వాటి ఫైల్‌ను డిలీట్ చేయక్కర్లేదు. అందరికీ కలిపి ఉన్న ఫోల్డర్ నుంచి అదే పేరుతో ఓ కాపీ మన ఫోల్డర్‌లో పెట్టి, అందులో ‘హిడెన్ ఈక్వల్ టు ట్రూ’ అన్న లైను చేర్చాలి. ఇక మీ మాటే చెల్లుతుంది. రేపు మళ్లీ కావాలనిపిస్తే ఆ కాపీ తీసేయండి, అంతే.

తెర వెనక ఇంకో జట్టు ఉంది. మనం లాగిన్ అవకముందే మొదలయ్యే సర్వీసులు. ఇప్పటి లినక్స్‌లలో చాలావరకు వీటిని నడిపేది 2010లో వచ్చిన సిస్టమ్‌డీ. టెర్మినల్‌లో ‘సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్’ అని కొడితే ఏ సర్వీసు మొదలవడానికి ఎంతసేపు పట్టిందో వరసగా చూపిస్తుంది. అలాగని పైనున్న పేరే దొంగ అనుకోకండి. చాలా సర్వీసులు పక్కపక్కనే ఒకేసారి మొదలవుతాయి. కొన్నయితే వేరేదాని కోసం ఊరికే ఎదురుచూస్తుంటాయి.

మా చెల్లి ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ సర్వీసు ఠంచనుగా మొదలవుతోంది. ఇంట్లో ప్రింటరే లేదు! అలాంటిదాన్ని డిజేబుల్ చేస్తే బూట్‌లో తనంతట తాను లేవదు, ఇంకో ప్రోగ్రామ్ అడిగితే మాత్రం లేస్తుంది. మాస్క్ చేస్తే ఎవరు లేపినా లేవదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ముందు డిజేబుల్ చేసి చూడండి.

అన్నీ ఆపేయడం మాత్రం తెలివి కాదు. కీరింగ్ ఆపితే దాచుకున్న పాస్‌వర్డ్‌లతో తలనొప్పి. ఐబస్‌తో తెలుగు టైప్ చేసేవాళ్లు దాన్ని ఆపితే తెలుగు రాయలేరు. నెట్‌వర్క్ మేనేజర్ ఆపితే వైఫై పోతుంది. పేరు తెలియనిదాన్ని ముందు అదేంటో తెలుసుకోండి. ఒక్కసారికి ఒక్కటే ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి.

క్లౌడ్ సింక్ దగ్గరికొచ్చేసరికి చెల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘‘అది ఉంచు. నా నోట్స్ అన్నీ అందులోనే.’’ నా లెక్కలో బరువైనది అదే. కానీ రోజూ వాడేది తను, కాబట్టి ఉంచాం. చాట్ యాప్, పాటల యాప్, గేమ్ లాంచర్, ప్రింటర్ సర్వీసు మాత్రం వెళ్లిపోయాయి. పాత హార్డ్ డిస్క్ ఒక్కరోజులో కొత్తదైపోదు. అయినా టీ మరిగేలోపే బ్రౌజర్ తెరుచుకుంటోంది. ఫీజు డబ్బు ఫీజుకే వెళ్లింది.

మెషీన్ స్లో అయిందనగానే మన చూపు షాపు వైపు వెళ్తుంది. ఒక్కసారి ఆ జాబితా తెరిచి చూడండి. అందులో ఒక్కో పేరూ మీ ర్యామ్‌లో కొంత, మీ సమయంలో కొంత తీసుకుంటోంది. ఎవరు ఉండాలో, ఎవరు వెళ్లాలో చెప్పాల్సింది యాప్ కాదు, మీరు.