మూడు గీతల్లో మూడు కొండలు

జపాన్‌లో కొండ అనగానే మనకు గుర్తొచ్చే పేరు ఫ్యూజియామా. జపనీయులు మాత్రం ‘ఫుజిసన్’ అంటారు. మరి ఆ ‘సన్’ మన ‘గారు’ లాంటిదా? కానే కాదు, అదీ కొండే!

‘యామా’ అన్నా ‘సన్’ అన్నా రాసే అక్షరం ఒకటే. మూడు నిలువు గీతలు, వాటిలో మధ్యది పొడుగు, అడుగున ఓ అడ్డగీత... పిడిలేని త్రిశూలంలా ఉంటుంది. ఒకప్పుడది మూడు శిఖరాల బొమ్మ. ‘యామా’ జపాన్ సొంతమాట. ‘సన్’ ఆ అక్షరంతోపాటే చైనా నుంచి వచ్చింది. మనం విడిగా ‘కొండ’ అంటాం, హిమగిరి, యాదగిరి అన్నప్పుడు ‘గిరి’ అంటాం... అలాగన్నమాట. కాకపోతే మనం రెండు మాటల్నీ వేర్వేరుగా రాస్తాం. వాళ్లకు రెంటికీ ఒకే బొమ్మ.

ఈ పాఠం కాళ్లతో నేర్చుకోవాలంటే ఈశాన్య జపాన్‌లోని యమగాటా ప్రాంతానికి వెళ్లాలి. అక్కడున్నదే ‘దేవా సన్‌జన్’. దేవా అంటే దేవుడు కాదు, ఆ ప్రాంతం పాతపేరు. ‘సన్’ అంటే ఇక్కడ మూడు, ‘జన్’ అంటే కొండ! వినడానికి తికమకే కానీ, రాతలో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

మొదటిది 414 మీటర్ల హగురోసన్. ఇది వర్తమానానికి గుర్తు. ఆకాశాన్నంటే దేవదారు చెట్ల మధ్య 2,446 రాతిమెట్లు. దారిలో ఐదంతస్తుల చెక్క గోపురం. ఇక్కడి సాధకులు ‘యామాబుషి’లు, అంటే కొండల్లో పడుకునేవాళ్లు. చూశారా, అదే అక్షరం ఇక్కడ మళ్లీ ‘యామా’ అయింది! వాళ్లు తొడుక్కునే తెల్లబట్టలు శవానికి కప్పే వస్త్రానికి గుర్తు. గురువు ఏం చెప్పినా ఒకటే జవాబు... ‘ఉకెతమో’, అంటే స్వీకరిస్తున్నాను అని. ప్రభుత్వం 1872లో వీళ్ల మార్గాన్ని నిషేధించింది. అప్పట్లో హగురో మీది బౌద్ధ కట్టడాలెన్నో పోయాయి. గోపురం మిగిలింది. కొండెక్కే ఆచారమూ మిగిలింది.

రెండోది గస్సన్, చంద్రుడి కొండ. ఎత్తు 1,984 మీటర్లు. ఇది గతం, మృత్యువు, పితృదేవతల చోటు. పైనున్న ఆలయాన్ని జులైలో తెరుస్తారు. అప్పటికీ దారిలో మంచు కనిపిస్తుంది. చలికాలంలో ఇక్కడికి రాలేనివారి కోసం మూడు కొండల దేవతలకూ హగురో మీదే పూజలు జరుగుతాయి.

మూడోది యుదొనోసన్, పునర్జన్మకు గుర్తు. ఎత్తు 1,504 మీటర్లు. ఇక్కడి క్షేత్రంలో గుడి కట్టడమే లేదు. చెప్పులు విడిచి వట్టికాళ్లతో లోపలికెళ్లాలి. ఫొటోలు తీయకూడదు. చూసింది ఎవరికీ చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. 1689లో వచ్చిన మహాకవి బషో కూడా తన యాత్రాగ్రంథంలో ఆ నియమాన్ని చెప్పి కలం ఆపేశాడు.

టోక్యో నుంచి నీగతా మీదుగా రైల్లో త్సురుఓకా చేరితే, అక్కణ్నుంచి హగురోకు బస్సులుంటాయి.

ఇంటికొచ్చాక ఆ అక్షరం రాసి చూడండి. ముందు మధ్యగీత. తర్వాత ఎడమగీతను దించి, అలాగే కుడికి లాగాలి. చివర కుడిగీత. మూడోది పూర్తవగానే కలం పైకెత్తాలి... యుదొనోలో బషో ఎత్తినట్టే!