రెండోసారి తీసిన సినిమా

ఫిబ్రవరి 3, 2023, గుంటూరు
నిన్న రాత్రి దర్శకుడు కె. విశ్వనాథ్ గారు వెళ్లిపోయారు. 1980లో ఆయన 'శంకరాభరణం' విడుదలైందీ ఫిబ్రవరి 2నే. పొద్దున టీకొట్టు దగ్గర అందరి నోటా "మన రేపల్లె ఆయన" అనే మాటే. ఇక్కడి హిందూ కాలేజీలో, ఏసీ కాలేజీలో చదివిన మనిషి మరి. నేను చూసిన పేపర్లలో మాత్రం, తన కథల్నే ఆయన హిందీలో మళ్లీ తీసిన సంగతి ఒక్క వాక్యంతో సరి. మనసుకు కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 5
'సర్‌గమ్' (1979) మళ్లీ చూశాను. 'సిరిసిరిమువ్వ' (1976)కి హిందీ రూపం. రెండింట్లోనూ జయప్రదే. మూగపిల్ల కాబట్టి భాష మారినా ఆ పాత్రకు పోయిందేమీ లేదు, చెప్పాల్సిందంతా కళ్లూ కాళ్లే చెప్పేశాయి. మహదేవన్ బాణీల చోట లక్ష్మీకాంత్-ప్యారేలాల్, చంద్రమోహన్ చోట డఫ్లీ పట్టుకున్న రిషి కపూర్. దీన్ని నకలు అని తోసేయడం అన్యాయం.

ఫిబ్రవరి 9, నరసరావుపేట దగ్గర
కల్లాల్లో మిర్చి ఆరబోశారు. ఘాటుకి కళ్లు మండుతున్నాయి. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య ఫోన్లో 'శంకరాభరణం' పాట మోగుతోంది. ఓ పెద్దావిడ చెయ్యి ఆపకుండానే గొంతు కలిపింది. ఒక్క సంగతి కూడా తప్పలేదు.
'శంకరాభరణం' హిందీ రూపం 'సుర్ సంగమ్' (1985) జనంలో అంతగా ఎందుకు నిలవలేదో ఆవిణ్ణి వింటే తెలిసింది. తెలుగులో, పెళ్లిచూపుల్లో శారద పాడుతూ అపస్వరం పలుకుతుంది, తండ్రి శంకరశాస్త్రి గద్దిస్తాడు. ఆ తండ్రిని మనం తప్పుపట్టం. ఆ తప్పు మన చెవికీ తగిలింది కదా! హిందీలో కర్ణాటక సంగీతం పోయి హిందుస్తానీ వచ్చింది. గిరీష్ కర్నాడ్ నటనలో లోటు లేదు, రాజన్-సాజన్ మిశ్రాల గానంలో అసలే లేదు. కానీ ఆ కోపం మన చెవిలో పుట్టింది.

ఫిబ్రవరి 12
తన కథనే మళ్లీ తీయడంలో దర్శకుడు పి. పుల్లయ్య గారిదీ ఇదే దారి. 1939లో 'శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం', 1960లో మళ్లీ అదే. మొదటిదాంట్లో స్వామి మన పొన్నూరు సీఎస్సార్, పద్మావతి శాంతకుమారి. రెండోదాంట్లో ఎన్టీఆర్ స్వామి అయితే, అదే శాంతకుమారి వకుళమాత. ఆ 21 ఏళ్లలో దర్శకుడికి ఏం మారిందో ఆమె ముఖంలోనే వెతకాలి. విమర్శకులు ఏది గొప్పో తేల్చి లేచిపోతే ఎలా?

ఫిబ్రవరి 14
విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియో సౌండ్ విభాగంలో పని మొదలుపెట్టిన మనిషి. అందుకే రేపు పెళ్లిచూపుల ఘట్టాన్ని 'శంకరాభరణం', 'సుర్ సంగమ్' రెండింట్లోనూ తెర వంక చూడకుండా విని, ఆ తర్వాతే ఈ రెండోసారి తీసిన సినిమాల మీద వ్యాసం రాస్తాను.