ఘాటు పట్టిస్తే రంగొచ్చింది!

తెల్లవారుజామున పశువుల కొట్టం తలుపు తీయగానే గుప్పున కొట్టే ఘాటు తెలుసుగా! ముక్కు చుర్రుమంటుంది, కళ్లు మండుతాయి. సూర్యాపేట జిల్లాలో కోదాడ పక్కనున్న అనంతగిరి లాంటి చోట్ల పుట్టి పెరిగినవాళ్లకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. పశువుల మూత్రం నుంచి పుట్టే ఆ ఘాటు పేరు అమ్మోనియా. లేత రంగు ఓక్ చెక్కకు ఆ వాయువునే పట్టించి, దాన్ని వేయించిన కాఫీగింజ రంగులోకి తెచ్చి, ఆ కొయ్యసామానుతోనే అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాడు ఒకాయన. పేరుతోపాటు వచ్చిన డబ్బంతా పోగొట్టుకున్నాడు కూడా. ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అదెక్కడో కాదు... మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో కాపురాలు పెట్టిన న్యూజెర్సీలోని పార్సిపనీలోనే!

పిల్లల్ని చూడ్డానికని ఏటా ఎంతోమంది అమ్మానాన్నలు అమెరికా విమానం ఎక్కుతారు. న్యూజెర్సీ వెళ్లినవాళ్లకు మొదటి నెల బాగానే గడుస్తుంది. స్వేచ్ఛా ప్రతిమ, నయాగరా, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి... అన్నీ అయిపోతాయి. పార్సిపనీలోనే ఉన్న లేక్ హయావతా ప్రాంతంలో కందిపప్పు నుంచి కరివేపాకు దాకా దొరికే దుకాణాలూ పాతబడిపోతాయి. ఇంక చూడ్డానికి ఏముందీ అనుకునేవాళ్ల ఇంటికి కాస్త దూరంలోనే, రూట్ 10 రోడ్డు పక్కన చెట్ల మాటున ఉంటుంది క్రాఫ్ట్స్‌మన్ ఫార్మ్స్. రోడ్డు మీద కార్ల రొద. నాలుగడుగులు లోపలికి వేస్తే ఆ రొద తగ్గి, చెట్ల మధ్య దుంగలు పేర్చి కట్టిన పెద్ద ఇల్లు కనిపిస్తుంది.

కింద రాతి పునాది. దానిమీద గుండ్రటి దుంగలు ఒకదానిమీద ఒకటి పేర్చిన గోడలు. 1911లో పూర్తయిన ఈ ఇంటికి వాడినవి అక్కడే, ఆ తోటలోనే కొట్టిన చెస్ట్‌నట్ చెట్లు. ఇక్కడో విషాదం ఉంది. అమెరికా చెస్ట్‌నట్‌కు సోకిన శిలీంధ్ర తెగులును 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో తొలిసారి గుర్తించారు. తర్వాతి నాలుగైదు దశాబ్దాల్లో ఆ తెగులు వందల కోట్ల చెట్లను మింగేసింది. అంతలావు చెస్ట్‌నట్ దుంగలు ఇప్పుడు కావాలన్నా అక్కడి అడవుల్లో దొరకవు. చూడాలంటే ఇలాంటి పాత ఇళ్ల గోడల్లోనే.

లోపలికి వెళ్తే ముందు కళ్లు చీకటికి అలవాటుపడాలి. దుంగల గోడలు, దూలాలు, బల్లలు, కుర్చీలు, పుస్తకాల బీరువా... అంతా ముదురు గోధుమ రంగే. చలిమంట గూళ్ల మీద రాగిరేకు కప్పులు. వాటిమీద ఆంగ్లకవి చాసర్ మాటల్లాంటివి చెక్కించుకున్నాడు యజమాని. కుర్చీలకు నగిషీలు లేవు, మెలికలు తిరిగిన కాళ్లు లేవు. నిటారు చెక్కలు, గట్టి అతుకులు, అంతే. ఏ కోదాడ తాతయ్యో చూస్తే ‘మన వడ్రంగి చేసిన బల్లలాగే ఉందే, దీనికోసం టికెట్టు పెట్టారా?’ అనడం ఖాయం. ఆ మాట వింటే దాని యజమాని సంతోషించి ఉండేవాడేమో!

ఆయన పేరు గుస్తావ్ స్టిక్లీ. 1858లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి తాపీపని చేసేవాడు. చిన్నప్పుడే ఆ పనిలో పడ్డ గుస్తావ్‌కు రాయంటే విసుగొచ్చింది, చెక్క నచ్చింది. బంధువుల కుర్చీల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. 1890లలో ఐరోపా వెళ్లి, యంత్రాలు వచ్చాక చేతిపని విలువ పోతోందని వాదించిన విలియం మోరిస్, జాన్ రస్కిన్‌ల ఆలోచనలను ఒంటపట్టించుకుని వచ్చాడు. 1900లో తన కొత్తరకం సామాను జనం ముందు పెట్టాడు. 1901లో ‘ది క్రాఫ్ట్స్‌మన్’ అనే పత్రిక మొదలుపెట్టి తొలి సంచికను మోరిస్‌కే అంకితమిచ్చాడు. ఇళ్ల ప్లానులు, బల్లలు చేసుకునే పద్ధతులు అందులో అచ్చువేసేవాడు. రంగు రహస్యం కూడా దాచుకోలేదు.

ఇంతకీ ఆ రహస్యం ఏమిటి? ఇంగ్లాండులో గుర్రపుశాలల్లో వాడిన ఓక్ దూలాలు మిగతావాటికంటే నల్లగా మారడం చూసి ఎవరికో ఈ ఆలోచన తట్టిందని కథ చెబుతారు. స్టిక్లీ ఫ్యాక్టరీలో దాన్ని ఓ పద్ధతిగా చేశారు. గాలి చొరబడని అర, లేదా కప్పీమీద పైకి లాగి కిందికి దించే టార్పాలిన్ డేరా. దానికింద తయారైన బల్ల. నేలమీద వెడల్పాటి పళ్లేల్లో నూటికి 26 పాళ్ల గాఢత ఉన్న అమ్మోనియా ద్రావణం. అంచులు మూసేసి 48 గంటలు వదిలేయడమే. చెక్కకు బ్రష్ తగలదు, చుక్క రంగు పడదు. డేరా ఎత్తేసరికి రంగు మారి ఉంటుంది.

గాలి తగిలినంత మాత్రాన చెక్క రంగెలా మారింది? వక్క నమిలినా, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నా నోరు పిడచగట్టుకుపోయే ఒగరు ఉంటుంది చూడండి... ఆ ఒగరుకు కారణం టానిన్లనే పదార్థాలు. ఓక్ చెక్కలో, ముఖ్యంగా దాని చేవలో ఇవి పుష్కలం. అమ్మోనియా తగిలితే ఆ టానిన్లు గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని గోధుమ రంగులోకి మారతాయి. వాయువు చెక్కలోకి కొంతలోతు చొచ్చుకుపోతుంది కాబట్టి రంగు పైపూతలాగా పెచ్చులూడదు. చిన్న గీత పడ్డా తెల్లగా బయటపడదు. చెక్క నరాలు రంగుకింద కప్పడిపోకుండా ఇంకా బాగా కనిపిస్తాయి. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కలో మాత్రం టానిన్ తక్కువ. అది పాలిపోయినట్టే ఉండిపోతుంది. అందుకే చేవదేరిన తెల్ల ఓక్‌నే ఏరుకునేవాళ్లు. ఎర్ర ఓక్‌లో టానిన్ తక్కువ, దానికి రంగు సరిగ్గా రాదు.

ఈ ఒగరు విద్య మనవాళ్లకూ కొత్తది కాదు. నల్లతుమ్మ చెక్కతో, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసింది ఈ టానిన్ల బలంతోనే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేదీ దీనివల్లే. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరవేసి తీసిన కసిమితో, కరక్కాయ పట్టించిన బట్టమీద గీస్తే చూస్తుండగానే గీత నల్లబడుతుంది. స్టిక్లీది అమ్మోనియా, కాళహస్తిది ఇనుము. రెండింటికీ దొరికింది ఆ టానినే.

మరి మన ఇంట్లో టేకు మంచానికి అమ్మోనియా పట్టిస్తే? తొందరపడకండి. ఓక్‌లో ఉన్నంత టానిన్ టేకులో ఉండదు, కాబట్టి ఆ రంగు రాదు. పైగా అమ్మోనియాతో ఆటలు కావు. గాలిలో పది లక్షల పాళ్లకు ఐదు పాళ్లున్నా చాలామంది ముక్కుకు తెలిసిపోతుంది. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటున 25 పాళ్లు దాటకూడదంటారు. 300 పాళ్లంటే వెంటనే ప్రాణాల మీదికి వచ్చే స్థాయి. ఐస్ ఫ్యాక్టరీల్లో చల్లదనానికి వాడేది కూడా ఈ వాయువే. అక్కడ లీకైందంటే చుట్టుపక్కలవాళ్లు ఇళ్లొదిలి ఎందుకు పరుగెడతారో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది. కళ్లలో, ఊపిరితిత్తుల్లో ఎక్కడ తడి ఉంటే అక్కడికే పోయి చేరి కాలుస్తుంది.

ఇప్పటికీ ఓక్‌కు ఈ రంగు పట్టించేవాళ్లున్నారు. జాగ్రత్త తెలిసినవాళ్లు ఇంట్లో, గ్యారేజీలో ఆ పని పెట్టుకోరు. ఆరుబయట, ఇంటి కిటికీలకు దూరంగా కర్రల చట్రంమీద పాలిథిన్ షీటు కప్పి చిన్న గుడారం చేస్తారు. గుడారం ఎంత చిన్నదైతే అమ్మోనియా అంత తక్కువ సరిపోతుంది. బల్లకున్న ఇత్తడి, రాగి పిడులు ముందే ఊడదీస్తారు, లేకపోతే అవి పాడవుతాయి. అదే చెక్క ముక్కలు కొన్ని లోపల పెట్టి, మధ్యమధ్యలో ఒకటి బయటికి లాగి రంగు చూసుకుంటారు. పక్కలు మూసుకున్న కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, అమ్మోనియా కోసం తయారైన వడపోత బిళ్ల ఉన్న మాస్కు... ఇవి లేకుండా సీసా మూత తీయరు. మామూలు గుడ్డ మాస్కు ఇక్కడ దండగ. దుమ్మును ఆపే మాస్కు కూడా వాయువును ఆపలేదు. ద్రావణం పళ్లెంలో పోయడం చిట్టచివరి పని. పోసీపోయగానే షీటు దించి వెనక్కి జరిగిపోవాలి. తీసేటప్పుడు గాలి తమవైపు నుంచి గుడారంవైపు వీచేలా నిలబడి, ఓ అంచు మాత్రం ఎత్తి వదిలేసి, ఘాటంతా పోయాకే దగ్గరికి వెళ్తారు. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, గాఢత బాగా పెరిగితే అమ్మోనియా అంటుకుంటుంది. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు కొట్టుకుంటూ ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇంకో మాట. ఇల్లు శుభ్రం చేసే బ్లీచింగు దీనికి తగిలితే పుట్టే విషవాయువు మరీ ప్రమాదం, రెండింటినీ ఒకచోట ఉంచనేకూడదు.

ఇంత తతంగం వద్దనుకునేవాళ్లు గాఢత తక్కువున్న, ఇళ్లు కడిగే రకం అమ్మోనియా వాడతారు. రోజులు ఎక్కువ పడతాయి, రంగూ లేతగా వస్తుంది. దానికీ కళ్లద్దాలు, తొడుగులు, ఆరుబయట చోటు తప్పవు. రంగొచ్చాక గాలికి బాగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్ది, లక్కపూతో మైనమో పట్టిస్తారు. అప్పుడుగానీ ఆ కాఫీరంగు పైకి తేలదు.

మళ్లీ స్టిక్లీ దగ్గరికి వద్దాం. రంగు గురించి అంత ఓపికపట్టిన మనిషి వ్యాపారం దగ్గర ఆగలేకపోయాడు. 1908 నుంచి ఇక్కడ భూమి కొంటూపోయి దాదాపు 650 ఎకరాలు చేశాడు. మగపిల్లలకు చేతిపనులూ వ్యవసాయమూ నేర్పే బడి పెట్టాలని కల. ఆ బడి ఎప్పుడూ తెరుచుకోలేదు. ఇప్పుడు మనం చూస్తున్న ఈ దుంగల ఇల్లు మొదట ఆ బడికి అందరూ కలుసుకునే భవనంగా అనుకున్నదే. చివరికి కుటుంబంతో తనే అందులో కాపురం పెట్టాడు. 1913లో న్యూయార్క్ నడిబొడ్డున 12 అంతస్తుల దుకాణం తెరిచాడు. అందులో సామాను, పత్రిక ఆఫీసు, ఈ తోటలో పండిన కూరగాయలతో నడిచే హోటలు... అన్నీనూ. ఈలోగా జనం అభిరుచి మారిపోయింది, బరువైన ముదురు బల్లలు పాతబడ్డాయి. అన్నగారి బాణీలోనే సామాను చేస్తూ తమ్ముళ్లు విడిగా ఫ్యాక్టరీ నడుపుతూ పోటీగా నిలిచారు. రెండేళ్లు తిరగకుండానే 1915లో స్టిక్లీ దివాలా తీశాడు. 1916లో పత్రిక ఆగింది. 1917లో తోట, ఇల్లు అమ్మేశారు. ఆ తర్వాత పాతికేళ్లు బతికాడు. పెద్దగా ఎవరికీ గుర్తులేకుండా, 1942లో సిరక్యూస్ పట్టణంలో కన్నుమూశాడు.

మరో 46 ఏళ్లకు గాలి మళ్లింది. స్టిక్లీ సొంత ఇంట్లో వాడుకున్న ఓక్ సైడ్‌బోర్డును 1988లో వేలం వేస్తే గాయని, నటి బార్బ్రా స్ట్రైసాండ్ 3,63,000 డాలర్లకు కొనుక్కుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పార్సిపనీ తోటమీద బిల్డర్ల కన్ను పడింది. దుంగల ఇంటి చుట్టూ వరుస ఇళ్లు కట్టేందుకు పథకాలు తయారయ్యాయి. ఊరివాళ్లు ఊరుకోలేదు. 1989లో పట్టణ పాలకసంస్థే ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. మరుసటేడు జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. 650 ఎకరాల్లో ఇప్పుడు మిగిలింది 30 ఎకరాలు. అందులో ఇల్లు నిలబడింది.

గైడుతోపాటు గదులన్నీ తిరగొచ్చు. కుర్చీల్లో కూర్చోనివ్వరు, చేత్తో తాకనివ్వరు. వేళలు కాలాన్నిబట్టి మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు కనుక్కుని వెళ్లడం మేలు. పిల్లలు వెంట ఉంటే మంచిదే, ఇంటికొచ్చాక ఓ ప్రయోగం చేయించొచ్చు. దానికి అమ్మోనియాతో పనిలేదు. పాలు కలపని చిక్కటి టీ డికాషన్‌లో తుప్పు పట్టిన ఇనుప మేకు వేసి మర్నాటిదాకా ఉంచితే చాలు, డికాషన్ సిరాలా నల్లబడుతుంది. తాగడానికి మాత్రం కాదు సుమా! ఊరికి తిరిగొచ్చాక, పెరట్లో పాత నల్లతుమ్మ బండి చెక్కలేమైనా మిగిలి ఉంటే వాటిలో దిగిన మేకు చుట్టూ ఓసారి చూడండి. అక్కడా అదే నలుపు కనిపిస్తుంది.