చిన్ననాటి నేస్తం... భీమిలి తీరం!

పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు ఇరవై ఏళ్ల తర్వాత కుటుంబంతో సహా విశాఖలో మా ఇంటికొస్తోందంటే సంతోషం ఎంతో, బెంగా అంతే. మాటలు కలుస్తాయా? పిల్లలు కలుస్తారా? ఉండేది రెండ్రోజులే. అందుకే ఊరంతా తిప్పాలనుకోలేదు. సముద్రం పక్కనే సాగే భీమిలి రోడ్డు ఒక్కటే చాలనుకున్నాం.

శనివారం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూశాం. సోమవారం దానికి సెలవు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రమించిన ఆ నౌకలో ఇరుకు దారుల వెంట వంగి నడుస్తూనే పిల్లలు నలుగురూ జట్టు కట్టేశారు. సాయంత్రం తొట్లకొండ ఎక్కాం. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు నివసించిన చోటది. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు.

ఆదివారం ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని భీమిలి చేరాం. గోస్తనీ నది కడలిలో కలిసేదిక్కడే. డచ్చివారి పాత సమాధులున్న ఊరూ ఇదే. విశాఖ తీరంలో లోపలికి లాగే అలలుంటాయి. అందుకే పిల్లల్ని మోకాళ్ల లోతు దాటనివ్వకుండా మావారూ, వాళ్లాయనా కాపలా కాశారు. మేమిద్దరం ఇసుకలో కూర్చున్నాం. చాలాసేపటికి తనంది... ‘అమ్మ పోయాక నన్ను ఒసే అని పిలిచేవాళ్లే లేరే!’

మీ ఇంటికీ పాత నేస్తం వస్తోందా? చూపించాల్సినవాటి జాబితా కాస్త కుదించండి. మాటలకు తీరిక మిగలాలి.